సిజేరియన్ కాన్పులో వెన్ను మత్తు: మందుల పోలిక

వైద్యులు స్పైనల్ అనస్తీషియా అనీ, జనం వెన్ను మత్తు అనీ పిలిచే పద్ధతిలో నడుము దగ్గర వెన్నెముక పూసల సందులోంచి సన్నని సూదిని పంపి, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలో కొద్దిపాటి మందు వదులుతారు. కొన్ని నిమిషాల్లోనే ఛాతీ మధ్య నుంచి పాదాల దాకా నొప్పి తెలియకుండా పోతుంది. తల్లి మెలకువగా ఉండి బిడ్డ తొలి ఏడుపు వింటుంది. ఊపిరి గొట్టంలో ట్యూబు వేయనవసరం లేదు. పూర్తి మత్తు మందులు తల్లి రక్తంలోంచి బిడ్డకు చేరతాయన్న బెంగా ఉండదు. అందుకే ముందుగా తేదీ నిర్ణయించుకుని చేసే సిజేరియన్లలో ప్రపంచమంతటా ఎక్కువగా ఎంచుకునే పద్ధతి ఇదే.

ఇందుకు వాడే స్థానిక మత్తుమందుల్లో బుపివకెయిన్‌ది మొదటి స్థానం. లెవోబుపివకెయిన్, రోపివకెయిన్ దానికి దగ్గరి బంధువులు. లిడొకెయిన్, ప్రిలొకెయిన్, క్లోరోప్రొకెయిన్ తక్కువ సేపు పనిచేసేవి. సరైన మోతాదులో ఇస్తే మొదటి మూడింటిలో ఏదైనా ఆపరేషన్‌కు చాలినంత మత్తు ఇస్తుంది. మత్తు ఎంత బలంగా, ఎంతసేపు ఉంటుంది, కాళ్లలో కదలిక ఎప్పుడు తిరిగొస్తుంది అన్నచోట అవి వేరుపడతాయి. అయితే తల్లీబిడ్డల క్షేమం మందు పేరు మీద కన్నా దాని మోతాదు, ద్రావణం సాంద్రత, తోడుగా కలిపే మందు, రక్తపోటును నిలబెట్టే తీరు మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ విషయానికి ప్రాధాన్యం ఎక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కాన్పుల్లో సిజేరియన్ల వాటా దేశం మొత్తం మీద 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అది 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం.

ఎంత మేర మత్తు కావాలి

కోత పెట్టేది పొత్తికడుపు కింది భాగంలోనే. కానీ గర్భాశయాన్ని కదిపినప్పుడు, కడుపులోని పొరను లాగినప్పుడు పుట్టే బాధ అంతకన్నా చాలా పై నాడుల గుండా మెదడుకు చేరుతుంది. అందుకే మత్తు కనీసం నాలుగో వక్ష నాడి, అంటే టీ4 మట్టం దాకా ఎక్కాలి. పైకి చూస్తే అది చనుమొనల మట్టం. కింద సేక్రల్ నాడులన్నీ మొద్దుబారాలి. కత్తి పెట్టే ముందు మత్తు డాక్టర్ స్పిరిట్ దూదితోనో ఐసుతోనో చల్లదనం తెలుస్తోందా అని, ఆపై సూదిమొనతోనో తేలికపాటి స్పర్శతోనో పరీక్షిస్తారు. చల్లదనం తెలియని హద్దు, స్పర్శ తెలియని హద్దు కన్నా పైన ఉంటుంది. చల్లదనం ఒక్కటే చూసి మత్తు చాలిందనుకుంటే తల్లి ఆపరేషన్ మధ్యలో బాధపడే అవకాశం ఉంది. అందువల్ల స్పర్శ కూడా టీ5 దాకా పోయిందో లేదో చూడాలని నిపుణులు పట్టుబడతారు.

ఇంత ఎత్తున మత్తు ఎక్కినప్పుడు రక్తనాళాలను బిగించి ఉంచే సింపథెటిక్ నాడులు కూడా పని మానేస్తాయి. నాళాలు సడలి రక్తపోటు పడిపోతుంది. వెల్లకిలా పడుకున్న నిండు గర్భిణిలో గర్భాశయం పెద్ద సిరను నొక్కి గుండెకు తిరిగొచ్చే రక్తాన్ని తగ్గించడం దీనికి తోడవుతుంది. బల్లను ఎడమ వైపు వంచడం, లేదా కుడి తుంటి కింద దిండు పెట్టడం అందుకే.

గర్భిణికి మామూలు స్త్రీ కన్నా తక్కువ మోతాదు సరిపోతుంది. ఉబ్బిన సిరల వల్ల వెన్ను కాలువలో ద్రవానికి చోటు తగ్గుతుంది. ప్రొజెస్టిరోన్ హార్మోన్ వల్ల నాడులు మందుకు తొందరగా లొంగుతాయి. ఈ రెండూ కలిసి అదే మోతాదును ఇంకాస్త పైకి ఎక్కిస్తాయి.

మందులు పనిచేసే తీరు

నాడీ తంతువు పొరలోని సోడియం ద్వారాలు తెరుచుకుంటేనే సంకేతం ముందుకు సాగుతుంది. స్థానిక మత్తుమందు తంతువు లోపలికి చొరబడి ఆ ద్వారాలను లోపలి వైపు నుంచి మూసేస్తుంది. రసాయన నిర్మాణాన్ని బట్టి ఈ మందులు రెండు కుటుంబాలు. ప్రొకెయిన్, టెట్రాకెయిన్, క్లోరోప్రొకెయిన్ ఎస్టర్లు. రక్తంలోని ఎంజైములే వాటిని విరిచేస్తాయి. లిడొకెయిన్, ప్రిలొకెయిన్, బుపివకెయిన్, రోపివకెయిన్ అమైడ్లు. ఇవి ప్రధానంగా కాలేయంలో విచ్ఛిన్నమవుతాయి.

కొవ్వులో ఎంత బాగా కరిగితే మందుకు అంత బలం. ప్రొటీన్లకు ఎంత గట్టిగా అతుక్కుంటే అంత ఎక్కువ సేపు పనితనం. రక్తంలో బుపివకెయిన్ సుమారు 95 శాతం, లిడొకెయిన్ సుమారు 65 శాతం ప్రొటీన్లకు అంటి ఉంటాయి. ఒకటి గంటల తరబడి నిలిచి, మరొకటి గంట గడిచేసరికి సడలడానికి ఇదొక కారణం.

చరిత్ర

1898 ఆగస్టులో జర్మనీలోని కీల్ నగరంలో శస్త్రవైద్యుడు ఆగస్ట్ బియర్ వెన్నులోకి కొకెయిన్ ఎక్కించి కాలి ఆపరేషన్ చేశాడు. తర్వాత తన సహాయకుడు హిల్డెబ్రాంట్‌తో కలిసి ఆ ప్రయోగం తమ మీదే చేసుకుని, వెన్నుద్రవం కారిపోవడం వల్ల వచ్చే తలనొప్పిని స్వయంగా అనుభవించాడు. 1900లో స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో ఆస్కర్ క్రెయిస్ కాన్పు నొప్పులకు ఇదే పద్ధతిని వాడాడు. కొకెయిన్ విషప్రభావం ఎక్కువ కావడంతో, ఆల్ఫ్రెడ్ ఐన్‌హార్న్ తయారుచేసిన ప్రొకెయిన్ 1905 నుంచి దాని స్థానంలోకి వచ్చింది. అది సురక్షితమే గానీ ఎక్కువ సేపు నిలవదు. 1930లలో వచ్చిన టెట్రాకెయిన్ ఆ కొరత తీర్చింది.

1947లో ఇంగ్లండ్‌లోని చెస్టర్‌ఫీల్డ్‌లో ఒకే రోజు సింకొకెయిన్‌తో వెన్ను మత్తు తీసుకున్న ఇద్దరికి కాళ్లు శాశ్వతంగా చచ్చుబడిపోయాయి. ఆ కేసు కోర్టుకెక్కింది. ఆ తర్వాత బ్రిటన్‌లో ఈ పద్ధతి మీద నమ్మకం చాలా ఏళ్ల పాటు సన్నగిల్లింది. ఈలోగా స్వీడన్‌లో కొత్త మందులు పుట్టాయి. నిల్స్ లోఫ్‌గ్రెన్, బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ 1943లో రూపొందించిన లిడొకెయిన్ 1948లో మార్కెట్లోకి వచ్చింది. 1957లో బో అఫ్ ఎకెన్‌స్టామ్ బృందం బుపివకెయిన్‌ను తయారుచేసింది. పూర్తి మత్తులో గర్భిణి కడుపులోని పదార్థం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదాన్ని 1946లో మెండెల్సన్ వివరించాడు. ఆ భయం ఒకవైపు, తలనొప్పిని బాగా తగ్గించిన పెన్సిల్ మొన సూదులు మరొకవైపు కలిసి వెన్ను మత్తును మళ్లీ కాన్పు థియేటర్లకు తెచ్చాయి.

బుపివకెయిన్

థియేటర్‌లో మాటవరసకు "హెవీ" అంటే 0.5 శాతం బుపివకెయిన్‌లో 8 శాతం గ్లూకోజ్ కలిపిన ద్రావణమే. మన దేశంలోనూ బ్రిటన్‌లోనూ అది 4 మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో దొరుకుతుంది. అమెరికాలో వెన్ను మత్తుకు వాడే రకం 0.75 శాతం, అందులో గ్లూకోజ్ 8.25 శాతం. అంటే ఒకే మిల్లీలీటరు రెండు దేశాల్లో రెండు వేర్వేరు మోతాదులు. విదేశీ వ్యాసంలోని మిల్లీలీటర్ల లెక్కను ఇక్కడి ఆంప్యూల్‌కు అప్పగిస్తే పొరపాటు తప్పదు. మిల్లీగ్రాముల్లోనే మాట్లాడుకోవాలి.

గ్లూకోజ్ కలిపిన ద్రావణం వెన్నుద్రవం కన్నా బరువు. సూది తీసి తల్లిని వెల్లకిలా పడుకోబెట్టగానే, తేనె నీళ్లలో అడుగుకు దిగినట్టు అది వెన్ను వంపుల్లో పల్లం వైపు జారుతుంది. వెల్లకిలా ఉన్నప్పుడు ఛాతీ వెనకభాగంలో టీ5, టీ6 ప్రాంతమే పల్లం. అందువల్ల మందు టీ4 దాకా చేరి అక్కడ చాలావరకు ఆగుతుంది. బల్లను వంచి ఆ ఎత్తును కొంత మార్చవచ్చు కూడా. గ్లూకోజ్ లేని సాదా బుపివకెయిన్ శరీర ఉష్ణోగ్రత వద్ద వెన్నుద్రవం కన్నా కాస్త తేలిక. అది ఎక్కడి దాకా ఎక్కుతుందో ముందే చెప్పడం కష్టం.

సిజేరియన్‌లో ఈ రెండింటినీ పోల్చిన అధ్యయనాలను కాక్రేన్ సమీక్ష ఒకచోట చేర్చింది. హెవీ మందుతో మత్తు టీ4కి సుమారు ఒక నిమిషం ముందుగా చేరింది. పూర్తి మత్తుకు మారాల్సిన సందర్భాలూ తగ్గాయి. అయితే ఆ అధ్యయనాలు చిన్నవి కావడంతో ఆధారం బలం పరిమితమే.

ఎంత మోతాదు చాలుతుందన్న ప్రశ్నకు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో జరిగిన రెండు పరిశోధనలను తరచూ ఉదహరిస్తారు. ఫెంటనిల్, మార్ఫిన్ తోడుగా ఇచ్చినప్పుడు నూటికి 95 మందికి సరిపోయే మోతాదు హెవీ రకంలో సుమారు 11.2 మిల్లీగ్రాములు, సాదా రకంలో సుమారు 13 మిల్లీగ్రాములు అని అవి లెక్కగట్టాయి. అందుకే 10 నుంచి 12 మిల్లీగ్రాముల హెవీ బుపివకెయిన్ మామూలు వాడుకగా స్థిరపడింది. మన ఆంప్యూల్‌లో అది 2 నుంచి 2.4 మిల్లీలీటర్లు. తల్లి మరీ పొట్టిగా ఉంటే కొంత తగ్గిస్తారు.

మోతాదును 8 మిల్లీగ్రాముల కన్నా దించితే రక్తపోటు పడటం, వికారం తగ్గుతాయి. కానీ ఆపరేషన్ మధ్యలో నొప్పి తెలిసి అదనపు మందు ఇవ్వాల్సినవారి సంఖ్య పెరుగుతుంది. కాబట్టి వెన్నుపాము పొర బయట మందు వదిలే ఎపిడ్యురల్ గొట్టం కూడా పెట్టి, అవసరమైతే దాని గుండా మత్తు పెంచగల ఏర్పాటు ఉన్నచోటే అంత చిన్న మోతాదు సబబు.

లెవోబుపివకెయిన్, రోపివకెయిన్

మామూలు బుపివకెయిన్‌లో ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాల్లాంటి రెండు రకాల అణువులు సమపాళ్లలో ఉంటాయి. వాటిలో గుండెకు ఎక్కువ చేటు చేసే రకాన్ని తీసేస్తే మిగిలేది లెవోబుపివకెయిన్. రోపివకెయిన్ కూడా ఒకే రకం అణువులతో తయారైనదే. ఈ రెంటి వెనక ఒక విషాదం ఉంది. 1970ల చివర్లో ఎపిడ్యురల్‌గా, నాడీ బ్లాకులుగా ఇచ్చిన బుపివకెయిన్ పొరపాటున రక్తనాళంలోకి పోయి గుండె ఆగిన ఘటనలు బయటపడ్డాయి. గర్భిణులూ వారిలో ఉన్నారు. 1984లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కాన్పు ఎపిడ్యురళ్లకు 0.75 శాతం బుపివకెయిన్ వాడకూడదని తేల్చింది. అంతకన్నా సురక్షితమైన మందుల కోసం సాగిన వెతుకులాటలోంచి ఈ రెండూ వచ్చాయి.

వెన్ను మత్తు విషయంలో మాత్రం ఆ లాభం నామమాత్రం. సిజేరియన్ ఎపిడ్యురల్‌కు వంద మిల్లీగ్రాములకు అటూఇటూగా మందు పడుతుంది. వెన్నులోకి పోయేది అందులో పదో వంతు. అంత కొద్ది మందు పూర్తిగా రక్తంలో కలిసినా గుండెను దెబ్బతీసే స్థాయికి చేరదు. "గుండెకు సురక్షితం" అన్న కారణం ఒక్కటే చూపి వెన్ను మత్తుకు ఖరీదైన మందును ఎంచుకోవడంలో అర్థం లేదు.

అసలు తేడా బలంలో ఉంది. లెవోబుపివకెయిన్ బుపివకెయిన్‌కు దాదాపు సమానం, కొన్ని అధ్యయనాల్లో కాస్త తక్కువ. రోపివకెయిన్ బలం అందులో సుమారు మూడింట రెండు వంతులు. హాంకాంగ్‌లో జరిగిన ఒక మోతాదు పరిశోధనలో, తోడు మందు లేకుండా ఇచ్చిన సాదా రోపివకెయిన్ నూటికి 95 మందికి చాలాలంటే సుమారు 27 మిల్లీగ్రాములు కావలసి వచ్చింది. తగిన మోతాదులో ఇచ్చినప్పుడు దీనితో కాళ్ల బిగువు త్వరగా వదులుతుంది. బాలింత లేచి కూర్చోవడానికి, బిడ్డను ఒడిలోకి తీసుకోవడానికి అది అనుకూలం. మత్తు కూడా ముందుగానే దిగడం దాని మరో ముఖం: గర్భాశయం కుట్టడం ఆలస్యమైతే తల్లికి నొప్పి తెలుస్తుంది. ఇటీవలి ఏళ్లలో 0.75 శాతం హెవీ రోపివకెయిన్ భారత మార్కెట్లో దొరకడంతో, దాన్ని హెవీ బుపివకెయిన్‌తో పోల్చే అధ్యయనాలు మన వైద్య కళాశాలల్లో పెరిగాయి.

తక్కువ సేపు పనిచేసే మందులు

ఒకప్పుడు మన ఆస్పత్రుల్లో వెన్ను మత్తు అంటే గ్లూకోజ్ కలిపిన 5 శాతం హెవీ లిడొకెయిన్. త్వరగా ఎక్కుతుంది, గంట నుంచి గంటన్నరలో దిగుతుంది. 1990ల మొదట్లో దీని మీద రెండు అభియోగాలు వచ్చాయి. అతి సన్నని గొట్టాల గుండా పదేపదే ఇచ్చినప్పుడు వెన్ను చివరి నాడులు దెబ్బతిన్నాయి. 1992లో అమెరికాలో ఆ గొట్టాలను వెనక్కి తీసుకున్నారు. ఒక్కసారి ఇచ్చినవారిలో కూడా కొందరికి మత్తు దిగాక పిరుదుల నుంచి తొడల్లోకి పాకే నొప్పి ఒకటి రెండు రోజులు బాధించింది. గర్భిణుల్లో ఇది అరుదైనా, చేతిలో బుపివకెయిన్ ఉండగా లిడొకెయిన్ వాడాల్సిన అవసరం కనిపించలేదు.

ప్రిలొకెయిన్‌తో ఆ నొప్పి చాలా తక్కువ. ఐరోపాలో 2 శాతం హెవీ రూపంలో దాన్ని సిజేరియన్లలో కూడా పరీక్షించారు. పెద్ద మోతాదులో అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు మోయలేని రూపంలోకి మారుస్తుంది కనుక హద్దు దాటకూడదు. క్లోరోప్రొకెయిన్ 1980ల ప్రాంతంలో నాడీ నష్టం ఆరోపణలతో చెడ్డపేరు తెచ్చుకుంది. నిల్వ రసాయనం లేని 1 శాతం ద్రావణంగా తిరిగి వచ్చి, 2017లో అమెరికాలో వెన్ను మత్తుకు అనుమతి పొందింది. అదే రోజు ఇంటికి పంపే చిన్న ఆపరేషన్లకు అది చక్కగా సరిపోతుంది. సిజేరియన్‌కు దాని గడువు చాలా ఇరుకు. ముందటి కాన్పు కోత వల్ల కడుపులో అతుకులు ఏర్పడిన తల్లిలో ఆపరేషన్ ఎంతసేపు పడుతుందో ఎవరూ ముందే చెప్పలేరు.

ఒకచోట చూస్తే

హెవీ బుపివకెయిన్ 0.5 శాతం: మోతాదు 10–12 మిల్లీగ్రాములు. మత్తు త్వరగా, నమ్మకంగా ఎక్కుతుంది; గంటన్నర నుంచి రెండు గంటలకు పైగా నిలుస్తుంది. కాళ్లు బలంగా మొద్దుబారతాయి.

లెవోబుపివకెయిన్ 0.5 శాతం: మోతాదు దాదాపు అంతే. కాళ్ల బిగువు కొంత తక్కువ. ఎక్కువగా సాదా ద్రావణంగానే దొరుకుతుంది.

రోపివకెయిన్ 0.5–0.75 శాతం: మోతాదు 15–25 మిల్లీగ్రాములు. కాళ్లలో కదలిక త్వరగా తిరిగొస్తుంది; ఆపరేషన్ సాగితే మత్తు చాలకపోవచ్చు.

లిడొకెయిన్, ప్రిలొకెయిన్, క్లోరోప్రొకెయిన్: త్వరగా ఎక్కి త్వరగా దిగేవి. సిజేరియన్‌లో వాడకం పరిమితం.

తోడు మందులు

స్థానిక మత్తుమందు ఒక్కటే ఇస్తే, గర్భాశయాన్ని బయటికి తీసి కుట్టేటప్పుడు తల్లికి లోపల లాగుతున్నట్టు, కలతగా ఉంటుంది. 10 నుంచి 25 మైక్రోగ్రాముల ఫెంటనిల్ కలిపితే ఆ ఇబ్బంది తగ్గుతుంది, ప్రధాన మందు మోతాదూ తగ్గించుకోవచ్చు. 100–150 మైక్రోగ్రాముల మార్ఫిన్ పనితనం ఆపరేషన్ తర్వాత చాలా గంటలు, ఒక్కోసారి రోజంతా ఉంటుంది. దురద, వాంతులు దాని దుష్ఫలితాలు. ఊపిరి ఆలస్యంగా మందగించే అరుదైన ప్రమాదం ఉన్నందున రాత్రంతా కనిపెట్టి ఉండాలి. బ్రిటన్‌లో మార్ఫిన్ బదులు డయామార్ఫిన్ వాడే అలవాటు ఉంది. మార్ఫిన్ దొరకని చోట నొప్పి నివారణ కోసం ప్రధాన మందు మోతాదును పెంచడం సరైన దారి కాదు. అది రక్తపోటునే ముందు దెబ్బతీస్తుంది.

రక్తపోటు, బిడ్డ

వెన్నులోకి ఇచ్చే మందు పరిమాణం చాలా కొద్ది కావడంతో మాయ దాటి బిడ్డకు చేరేది అత్యల్పం. ఈ విషయంలో ఏ మందుకూ చెప్పుకోదగ్గ ఆధిక్యం లేదు. తల్లిపాలు ఇవ్వడానికీ అడ్డు లేదు. బిడ్డకు ముప్పు వచ్చేది తల్లి రక్తపోటు పడిపోయి మాయకు రక్తం అందనప్పుడు.

మొదట్లో దీనికి ఎఫెడ్రిన్ ఇచ్చేవారు. అది మాయ దాటి బిడ్డ రక్తంలో ఆమ్లాన్ని పెంచుతుందని తేలాక ఫినైలెఫ్రిన్ ముందుకు వచ్చింది. 2018లో వెలువడిన అంతర్జాతీయ నిపుణుల ఒప్పంద పత్రం, సిస్టాలిక్ రక్తపోటును మత్తుకు ముందున్న స్థాయిలో 90 శాతానికి తగ్గకుండా నిలపాలని, అందుకు ఫినైలెఫ్రిన్ లాంటి మందును ముందస్తుగానే ఎక్కించడం మొదలుపెట్టాలని సూచించింది. నాడి మరీ మందగించిన తల్లికి ఎఫెడ్రిన్ ఇప్పటికీ పనికొస్తుంది. మన థియేటర్లలో మెఫెంటెర్మిన్ కూడా చిరపరిచితమే. వికారం, ఆవులింతలు, కళ్లు తిరగడం తరచుగా రక్తపోటు పడుతోందనడానికి తొలి గుర్తులు. తల్లి ఆ మాట అనగానే మానిటర్ వైపు చూడాలి.

అపాయాలు, హెచ్చరికలు

మత్తు మరీ పైకి పాకితే చేతివేళ్లు తిమ్మిరెక్కుతాయి, పట్టు సడలుతుంది, మాట బలహీనమవుతుంది, ఊపిరి ఆడనట్టు అనిపిస్తుంది. అప్పుడు ప్రాణవాయువు, రక్తపోటు మందులతో పాటు ఊపిరి ట్యూబు కూడా సిద్ధంగా ఉండాలి. మత్తు అరకొరగా ఎక్కితే ఓర్చుకోమని తల్లిని ఒప్పించడం తగదు. ఆమె నొప్పి అంటే నొప్పే. రక్తం గడ్డకట్టే శక్తి బాగా తగ్గినవారికి, భారీ రక్తస్రావంలో ఉన్నవారికి, సూది వేసే చోట ఇన్ఫెక్షన్ ఉన్నవారికి వెన్ను మత్తు ఇవ్వరు.

మందుల్లో ఏది మేలన్న చర్చ కన్నా ముందు చూడాల్సినది ఆంప్యూల్ మీది పేరు. రక్తస్రావం ఆపడానికి అదే థియేటర్‌లో ఉంచే ట్రనెక్జామిక్ ఆమ్లాన్ని, ఆంప్యూళ్లు ఒకేలా ఉండటం వల్ల పొరబడి, హెవీ బుపివకెయిన్ అనుకుని వెన్నులోకి ఎక్కించిన ఘటనలు పలు దేశాల్లో నమోదయ్యాయి. వెన్నులో అది మూర్ఛలు తెప్పిస్తుంది, చాలామందిలో ప్రాణమే తీస్తుంది. 2022 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిపై హెచ్చరిక జారీచేసి, ఆ మందును మత్తుమందులకు దూరంగా నిల్వ ఉంచాలని కోరింది.

ఎంపిక

ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో వెన్ను మత్తు కోసం బుపివకెయిన్ ఉంది. చవకగా, జిల్లా ఆస్పత్రిలోనూ దొరికేదీ, వాడే వైద్యులకు చేయి తిరిగినదీ అదే. ముందటి సిజేరియన్ మచ్చ ఉన్న తల్లికి, ఆపరేషన్ ఎక్కువ సేపు పడుతుందనుకున్నప్పుడు దాన్ని కాదనడానికి కారణం లేదు. మొదటి కాన్పు, నేర్పరి చేతిలో త్వరగా ముగిసే ఆపరేషన్, త్వరగా లేపి నడిపించే పద్ధతి పాటించే ఆస్పత్రి – ఇవన్నీ కుదిరినచోట హెవీ రోపివకెయిన్‌ను పరిశీలించవచ్చు. మందు ఏదైనా, తోడు మందుతో తగిన మోతాదు, రక్తపోటుకు ముందస్తు ఏర్పాటు, కోతకు ముందు స్పర్శ పరీక్ష తప్పనిసరి. ఈ మూడింట్లో ఏది లోపించినా ఖరీదైన మందు ఆ లోటు పూడ్చదు.